ఐదేళ్ల తర్వాత ఈ రోడ్డు ఎంత కుదుపుతుంది? రహదారుల ఎగుడుదిగుడు అంచనాపై తరచుగా అడిగే ప్రశ్నలు

కొత్తగా వేసిన రోడ్డు నున్నగా ఉండటంలో వింత లేదు. అది ఏ సంవత్సరంలో, ఎంత వేగంగా పాడవుతుందో ముందే చెప్పగలగడమే అసలు విద్య. రోడ్ల శాఖల్లో పనిచేసే ఇంజనీర్లు, సివిల్ విద్యార్థులు, తమ ఊరి రోడ్డు గురించి లెక్కతో మాట్లాడాలనుకునే పాఠకులు సాధారణంగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు ఉన్నాయి.

రోడ్డు ఎగుడుదిగుడును అంకెలో ఎలా చెబుతారు?

ప్రపంచమంతా వాడే కొలమానం ఐఆర్ఐ, అంటే అంతర్జాతీయ ఎగుడుదిగుడు సూచిక. ఒకప్పుడు ఒక్కో దేశం ఒక్కో పరికరంతో కొలిచేది. ఒకరి అంకె మరొకరికి పనికొచ్చేది కాదు. 1982లో బ్రెజిల్ రాజధాని బ్రసీలియాలో ప్రపంచ బ్యాంకు అండతో ఒక పెద్ద ప్రయోగం జరిగింది. తారు రోడ్ల నుంచి మట్టి రోడ్ల దాకా 49 రోడ్డు ముక్కలను ఎంచుకుని, వాటన్నిటి మీదా పలు దేశాల పరికరాలను నడిపి పోల్చి చూశారు. పరికరం ఏదైనా సరే ఒకే జవాబు రావాలంటే లెక్క ఎలా ఉండాలో అక్కడ తేలింది.

ముందుగా చక్రం నడిచే దారి పొడవునా ఎత్తుపల్లాలను కొలిచి కంప్యూటర్‌లోకి ఎక్కిస్తారు. ఆ గీత మీద ఒక ఊహా వాహనం గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోయినట్టు లెక్కకడతారు. అది పూర్తి కారు కాదు, అందులో నాలుగో వంతు: ఒక చక్రం, ఒక స్ప్రింగు, కుదుపును అణచే ఒక డ్యాంపరు, పైన కొంత బరువు. దారి పొడవునా ఆ స్ప్రింగు మొత్తం ఎంత కదిలిందో కూడి, దూరంతో భాగిస్తే వచ్చేదే ఐఆర్ఐ. విలువ 2 అంటే, ఒక కిలోమీటరు ప్రయాణంలో ఆ స్ప్రింగు కదలికల మొత్తం 2 మీటర్లు.

మన కాంట్రాక్టు పత్రాల్లో 2000 మిల్లీమీటర్లు అని ఉంటుంది. అది వేరా?

అది బంప్ ఇంటిగ్రేటర్ విలువ. ఒంటి చక్రం ఉన్న ట్రైలర్‌ను వాహనం వెనుక కట్టి, గంటకు 32 కిలోమీటర్ల వేగంతో లాగుతూ, చక్రం కదలికలను మిల్లీమీటర్లలో కూడుతూ పోతారు. ఐఆర్ఐని 1.12 ఘాతానికి హెచ్చించి 630తో గుణిస్తే ఉజ్జాయింపుగా ఈ విలువ వస్తుంది. అంటే 2000 మిల్లీమీటర్లు దాదాపు ఐఆర్ఐ 2.8కి, 3000 మిల్లీమీటర్లు దాదాపు 4కి సమానం.

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ఎస్పీ 16 మార్గదర్శకాల 2004 సవరణ ప్రకారం, బిటుమినస్ కాంక్రీటు (తారు, కంకర కలిపి వేసే పొర) ఉపరితలం కిలోమీటరుకు 2000 మిల్లీమీటర్ల లోపు ఉంటే బాగున్నట్టు, 3000 దాటితే బాగోలేనట్టు. అమెరికా ఫెడరల్ హైవే విభాగం ఐఆర్ఐ 1.5 లోపు ఉన్నదాన్నే మంచి రోడ్డుగా, 2.7 దాకా ఉన్నదాన్ని ఆమోదయోగ్యంగా లెక్కిస్తుంది. మన ‘బాగుంది’ ముగిసే చోటు, వాళ్ల ‘ఫర్వాలేదు’ ముగిసే చోటు దాదాపు ఒకటే. రెండు దేశాల అంకెలను పక్కపక్కన పెట్టేటప్పుడు ఈ తేడా గుర్తుంచుకోవాలి.

గుంత ఒక్కటీ లేదు, అయినా బస్సులో ఊగిపోతున్నాం. ఎందుకు?

ఐఆర్ఐ ముఖ్యంగా పట్టుకునేది సుమారు 1.2 మీటర్ల నుంచి 30 మీటర్ల పొడవున్న అలలను. ఇలాంటి అల కంటికి ఆనదు. సాయంత్రం ఎండ ఏటవాలుగా పడినప్పుడో, వాన వెలిసి నీళ్లు నిలిచినప్పుడో బయటపడుతుంది. అడుగున మట్టి ఒకచోట కుంగి మరొకచోట ఉబ్బితే, పైన తారు నిగనిగలాడుతున్నా బండి ఊగుతుంది. కాలి కింద తగిలే కంకర గరుకు వేరే విషయం. అది బ్రేకు పట్టుకు అవసరం, దాన్ని ఈ సూచిక లెక్కలోకి తీసుకోదు.

రోడ్డు కాలంతో పాటు ఎందుకు ఎగుడుదిగుడవుతుంది?

బరువు, నీరు, వయసు. మూడూ కలిసి పనిచేస్తాయి.

బరువు సంగతి తేల్చింది అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో, ఒట్టావా పట్టణం దగ్గర 1958 నుంచి 1960 దాకా జరిగిన ఆషో (అమెరికా రాష్ట్రాల హైవే అధికారుల సంఘం) రోడ్డు పరీక్ష. వేర్వేరు మందాలతో వేసిన ముక్కల మీద లారీలను రెండేళ్ల పాటు తిప్పుతూ, రోడ్డు ఎలా చెడుతుందో నమోదు చేశారు. మనుషులను వాహనాల్లో కూర్చోబెట్టి సున్నా నుంచి 5 దాకా మార్కులు వేయమన్నారు. పగుళ్లు, ప్యాచ్‌లు ఎన్ని ఉన్నా, ఆ మార్కులను ప్రధానంగా నిర్ణయించింది రోడ్డు పొడవునా ఉన్న ఎగుడుదిగుడే. ఎగుడుదిగుడును ఇంత గట్టిగా పట్టుకోవడానికి మూలం అక్కడుంది.

ఆ పరీక్ష నుంచే నాలుగో ఘాతపు సూత్రం వచ్చింది: నష్టం బరువు నాలుగో ఘాతంతో పెరుగుతుంది. యాక్సిల్ (ఇరుసు) మీద బరువు 20 శాతం పెరిగితే, రోడ్డుకు జరిగే నష్టం 20 శాతం పెరగడం కాదు, రెట్టింపు కన్నా కాస్త ఎక్కువే అవుతుంది. మన దేశంలో 2018లో, నాలుగు టైర్లున్న ఒంటి యాక్సిల్‌కు అనుమతించిన బరువును 10.2 టన్నుల నుంచి 11.5 టన్నులకు పెంచారు. ఈ సూత్రం ప్రకారం, పూర్తి లోడుతో నడిచే ఒక్కో యాక్సిల్ చేసే నష్టం సుమారు 60 శాతం పెరిగింది. ప్రతి లారీ ఎక్కువ సరుకు మోస్తుంది కాబట్టి ట్రిప్పులు తగ్గుతాయి, నిజమే. కానీ పాత లెక్కతో మందం నిర్ణయించిన రోడ్డు ఆయుష్షును కొత్త లెక్కతో మళ్లీ చూడకపోతే అంచనా మొదటే తప్పుతుంది.

నీటి సంగతికి తెలుగు నేలే మంచి ఉదాహరణ. తారు కింద కంకర పొర పొడిగా ఉన్నంతకాలం బలంగా ఉంటుంది. పగులులోంచి నీరు దిగిందంటే ఆ పొర మెత్తబడి, ప్రతి లారీ చక్రం కింద కొంత కదులుతుంది. గుంటూరు, కర్నూలు, ఆదిలాబాద్ ప్రాంతాల నల్లరేగడి మరింత మొండిది. వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. రోడ్డు మధ్యభాగం తారు కప్పుకుని ఉంటుంది కాబట్టి అక్కడ తేమ పెద్దగా మారదు. అంచులు మాత్రం ప్రతి సీజన్‌కూ లేచి పడుతుంటాయి. అంచు వెంబడి పొడవాటి పగులు, దాని పక్కనే ఒరిగిన తారు అలా వచ్చినవే. బండ్లు పెద్దగా తిరగని రోడ్డు కూడా రేగడిలో అలలు తేలుతుంది. ట్రాఫిక్ లెక్క ఒక్కటే చూసే అంచనా నమూనాకు (మోడల్‌కు) ఇది అంతుపట్టదు.

వయసు అంటే ముఖ్యంగా తారు గట్టిపడటం. గాలి, ఎండ తగిలి తారు సాగే గుణం కోల్పోతుంది, పెళుసవుతుంది, పగులుతుంది.

అంచనా సూత్రం లోపల ఏముంటుంది? ఒక ఉదాహరణ ఇవ్వగలరా?

బ్రెజిల్‌లో ఏళ్ల తరబడి సేకరించిన కొలతల ఆధారంగా ప్రపంచ బ్యాంకు పరిశోధకుడు పాటర్సన్ 1987లో ఇచ్చిన సంక్షిప్త సూత్రం అర్థం చేసుకోవడానికి చాలా అనువైనది. అందులో నాలుగే దినుసులు: రోడ్డు తెరిచిన నాటి ఐఆర్ఐ, అప్పటి నుంచి గడిచిన ఏళ్లు, ఒక లేన్ మీద నడిచిన ప్రామాణిక యాక్సిళ్ల సంఖ్య మిలియన్లలో (వేర్వేరు బరువుల యాక్సిళ్లను ఒకే ప్రమాణ బరువుకు మార్చి లెక్కించినది), పొరల మందాన్నీ నాణ్యతనూ అడుగు మట్టి బలాన్నీ కలిపి చెప్పే నిర్మాణ బల సంఖ్య.

లెక్క ఇలా సాగుతుంది. బల సంఖ్యకు 1 కలిపి, దాన్ని 4.99 ఘాతానికి హెచ్చించి, 725ను దానితో భాగించాలి. వచ్చినదాన్ని మిలియన్ యాక్సిళ్లతో గుణించి మొదటి ఐఆర్ఐకి కలపాలి. ఆ మొత్తాన్ని వాతావరణం కోసం ఏడాదికి సుమారు ఒకటిన్నర శాతం చొప్పున చక్రవడ్డీలా పెంచాలి.

ఒక రోడ్డు ఐఆర్ఐ 1.8తో మొదలైందని, పదేళ్లలో 20 మిలియన్ యాక్సిళ్లు నడిచాయని అనుకుందాం. బల సంఖ్య 5 అయితే పదో ఏట ఐఆర్ఐ సుమారు 4.3. అదే బల సంఖ్య 4 అయితే 7.6. మొదటి రోడ్డు ఓవర్‌లేకు, అంటే పైన కొత్త తారు పొర వేయడానికి, సిద్ధంగా ఉంది, రెండోది మళ్లీ వేయాల్సిన స్థితిలో ఉంది. ఒక్క లారీ కూడా నడవకపోతే వయసు వల్ల 2.1 అవుతుంది, అంతే. బలం ఒక్క అంకె తగ్గితే జరిగేది ఇదీ. పైన కనిపించే నునుపు చూసి బిల్లు పాస్ చేసి, కింది పొరల మందాన్ని, దిమ్మిసను పట్టించుకోకపోతే, ఆ నష్టం ఏడో ఏటో ఎనిమిదో ఏటో ప్రయాణికుల నడుములకు తెలుస్తుంది.

హెచ్‌డీఎం-4 అంటే ఏమిటి? అది ఎందుకు అంత వాడుకలో ఉంది?

పైన చెప్పినది ఏకమొత్తంగా చూసే సూత్రం. ప్రపంచ బ్యాంకు పరిశోధనల నుంచి పెరిగి 2000 సంవత్సరంలో వెలువడిన హెచ్‌డీఎం-4 సాఫ్ట్‌వేర్ అదే పెరుగుదలను ఐదు భాగాలుగా విడదీస్తుంది: నిర్మాణం బలహీనపడటం, పగుళ్లు, చక్రాల జాడల్లో పడే పల్లాలు, గుంతలు, వాతావరణం. ప్రతి సంవత్సరానికీ ముందు పగుళ్లు ఎంత పెరుగుతాయో, తర్వాత గుంతలు ఎన్ని పడతాయో లెక్కించి, వాటి నుంచి ఎగుడుదిగుడుకు వస్తుంది. అందుకే ‘ఇప్పుడు పగుళ్లు పూడిస్తే ఐదేళ్ల తర్వాత ఎంత లాభం?’ అనే ప్రశ్నకు ఇది జవాబు చెప్పగలదు. ఏకమొత్తపు సూత్రం చెప్పలేదు.

దీనికి ఇంకో సగం ఉంది. రోడ్డు ఎగుడుదిగుడైతే డీజిల్, టైర్లు, విడిభాగాలు, సమయం రూపంలో వాహనదారుడికి ఎంత ఖర్చు పెరుగుతుందో కూడా లెక్కిస్తుంది. ఆ లెక్కలకు కెన్యా, కరీబియన్ దీవులు, బ్రెజిల్‌తో పాటు భారతదేశంలో సెంట్రల్ రోడ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ చేసిన అధ్యయనాలు కూడా పునాది. రద్దీ రోడ్డు మీద వాహనదారులు మోసే ఖర్చు ముందు, శాఖ పెట్టే మరమ్మతు ఖర్చు చాలా చిన్నది. మరమ్మతు వాయిదా వేస్తే శాఖ పద్దులో మిగిలినట్టు కనిపించే డబ్బు జనం జేబుల్లోంచి పోతుంది. ఈ నిజాన్ని రూపాయల్లో చూపించగలగడమే నా దృష్టిలో హెచ్‌డీఎం చేసిన పెద్ద మేలు.

బ్రెజిల్ లెక్కలు మన రోడ్లకు సరిపోతాయా?

యథాతథంగా సరిపోవు. అందుకే ప్రతి భాగానికీ ఒక సవరణ గుణకం పెట్టుకునే వీలు ఉంచారు. ఉదాహరణకు నమూనా ఏడాదికి 0.16 పెరుగుదల చెబుతుంటే, మీ రోడ్ల మీద కొలిచిన పెరుగుదల 0.24 అయితే గుణకం 1.5. వినడానికి సులువే.

చిక్కు ఎక్కడంటే, ఒక ఏడాదిలో వచ్చే నిజమైన మార్పు చిన్నది. రెండుసార్లు కొలిస్తే వచ్చే తేడా కూడా దాదాపు అంతే ఉండవచ్చు. పోయినసారి వాహనం ఎడమ లేన్‌లో వెళ్లింది, ఈసారి కొంచెం కుడికి జరిగింది. బంప్ ఇంటిగ్రేటర్ టైరులో గాలి తగ్గింది. ఒకసారి వానాకాలం ముందు కొలిచారు, మరోసారి తర్వాత. రెండు సంవత్సరాల కొలతలు చూసి గుణకం తేల్చేయడం తొందరపాటు. ఒకే కాలంలో, ఒకే లేన్‌లో, ఒకే పద్ధతిలో కనీసం నాలుగైదేళ్ల వరుస కావాలి.

అంచనాలు అన్నిటికన్నా ఎక్కువగా ఎక్కడ దెబ్బతింటాయి?

మరమ్మతు తేదీల దగ్గర. ఈ విషయంలో ఎంత చెప్పినా తక్కువే.

ఒక కిలోమీటరు ఐఆర్ఐ వరుసగా నాలుగేళ్లు 2.4, 2.7, 3.1, 2.3 అని ఉందనుకోండి. నాలుగో ఏడు రోడ్డు తనంత తాను బాగుపడదు. మధ్యలో ఎవరో ఓవర్‌లే వేశారు, లేదా పెద్ద ప్యాచ్ వేశారు. ఆ పని ఎప్పుడు జరిగింది, ఏ చైనేజీ (రోడ్డు మొదటి నుంచి దూరం) నుంచి ఏ చైనేజీ దాకా, ఎంత మందం? ఇవన్నీ బిల్లులో ఉంటాయి, కొలతల పుస్తకంలో ఉంటాయి. ఐఆర్ఐ ఉన్న కంప్యూటర్ పట్టికలో మాత్రం ఉండవు. విశ్లేషణ చేసేవాడికి కనిపించేది 2.3 అనే అంకె ఒక్కటే. దాన్ని అలాగే ఉంచితే రోడ్లు నెమ్మదిగా పాడవుతున్నాయని నమూనా నేర్చుకుంటుంది. ‘అనుమానాస్పదం’ అని తీసేస్తే బాగా పాడై మరమ్మతుకు నోచుకున్న రోడ్లన్నీ లెక్కలోంచి పోతాయి, గట్టివి మాత్రమే మిగులుతాయి. అప్పుడూ అదే తప్పు జరుగుతుంది. రెండు దారులూ ఆశావహమైన అంచనాకే తీసుకెళ్తాయి, ఆ అంచనా చూసి వచ్చే ఏడు బడ్జెట్ కోస్తారు.

గణాంక శాస్త్రంలో దీనికి కొంత విరుగుడు ఉంది. మరమ్మతు నిర్ణయాన్ని కూడా నమూనాలో భాగంగా చేర్చే పద్ధతులు ఉన్నాయి. కానీ తేదీ, చైనేజీ, మందం అనే మూడు గడులు నింపడం వాటన్నిటి కన్నా చౌక, వాటన్నిటి కన్నా మేలు. అమెరికా, కెనడాల్లో 1987లో మొదలైన ఎల్‌టీపీపీ అనే దీర్ఘకాలిక అధ్యయనం నేటికీ పరిశోధకులకు గనిలా ఉపయోగపడుతున్నది అందుకే. దాదాపు 2,500 రోడ్డు ముక్కలకు పొరల వివరాలు, వాతావరణం, ట్రాఫిక్, మరమ్మతులు అన్నీ ఒకేచోట రాసిపెట్టారు.

ఒక్క అంకెకు బదులు అవకాశాల రూపంలో అంచనా వేయవచ్చా?

వేయవచ్చు. రోడ్లన్నిటినీ బాగున్నవి, మధ్యరకం, బాగోలేనివి అని విభజించి, ఏడాదిలో ఒక స్థితి నుంచి మరో స్థితికి జారే అవకాశాన్ని లెక్కించే పద్ధతిని మార్కోవ్ నమూనా అంటారు. బాగున్న 100 కిలోమీటర్లలో ఏటా 85 శాతం అలాగే నిలుస్తాయని అనుకుంటే, రెండో ఏటికి 72, ఐదో ఏటికి 44 కిలోమీటర్లు మిగులుతాయి. ఏ కిలోమీటరు జారుతుందో చెప్పదు. మొత్తం ఎంత బడ్జెట్ కావాలో మాత్రం బాగా చెబుతుంది.

అమెరికాలోని అరిజోనా రాష్ట్రం 1980లో ఈ పద్ధతి మీద తన రోడ్ల నిర్వహణ వ్యవస్థను నిర్మించుకుంది. మొదటి ఏడాదిలోనే 1.4 కోట్ల డాలర్లు ఆదా అయినట్టు గోలాబీ, కుల్‌కర్ణి, వే తమ వ్యాసంలో నమోదు చేశారు. దీని బలహీనత ఏమిటంటే రోడ్డు వయసును పట్టించుకోదు. నిన్న వేసిన ‘బాగున్న’ రోడ్డూ, ఎనిమిదేళ్లు గడిచినా ఇంకా ‘బాగున్న’ రోడ్డూ దీనికి ఒకటే.

కృత్రిమ మేధతో ఇదంతా సులువైపోలేదా?

న్యూరల్ నెట్‌వర్కులతో ఎగుడుదిగుడు అంచనా వేసే ప్రయత్నాలు 1990లలోనే మొదలయ్యాయి. ఇప్పుడు ర్యాండమ్ ఫారెస్ట్ వంటి పద్ధతులు విరివిగా వాడుతున్నారు. పరీక్షలో 95 శాతం, 98 శాతం సరిపోయిందని రాసే విద్యార్థులకు ఒక మాట. ఒకే రోడ్డు ముక్క 2018 కొలతను శిక్షణలో, 2019 కొలతను పరీక్షలో పెడితే నమూనా చేసే పని నిరుటి అంకెను కాస్త పెంచి చెప్పడమే. పరీక్షకు పెట్టే రోడ్డు ముక్కలను మొత్తంగా పక్కన ఉంచండి. ‘నిరుటి విలువకు సగటు పెరుగుదల కలిపితే’ వచ్చే మామూలు అంచనాతో పోల్చి చూపండి. దాన్ని దాటకపోతే ఆ నమూనా అక్కర్లేదు. అలాగే పగుళ్లు పెరిగితే ఐఆర్ఐ తగ్గుతుందని మీ నమూనా చెబుతుంటే, డేటాలో మరమ్మతులు దాక్కున్నాయని అర్థం.

కిలోమీటరు సగటు తీసుకోవాలా, 100 మీటర్లకా?

100 మీటర్లకే. 900 మీటర్లు ఐఆర్ఐ 2తో చక్కగా ఉండి, మిగిలిన 100 మీటర్లు 8 ఉంటే, కిలోమీటరు సగటు 2.6. కాగితం మీద రోడ్డు బాగున్నట్టే. గోదావరి, కృష్ణా డెల్టాల్లో అడుగడుగునా కాలువలు, కల్వర్టులు, వంతెనలు. వంతెన కుంగదు, దానికి ఆనుకుని పోసిన మట్టికట్ట కుంగుతుంది. రాత్రిపూట ద్విచక్ర వాహనం ఎగిరిపడేది సరిగ్గా ఆ అతుకు దగ్గరే. అక్కడి ఎగుడుదిగుడుకు ట్రాఫిక్ సూత్రాలు వర్తించవు, మట్టి కుంగుదల లెక్కను విడిగా చూడాలి.

సిమెంటు కాంక్రీటు రోడ్లకూ ఇదే లెక్కా?

కాదు. అక్కడ కుదుపుకు ముఖ్య కారణం పలకల మధ్య అతుకుల దగ్గర ఒక పలక మరొకదాని కన్నా కిందికి దిగడం. పైగా పగటి ఎండకు, రాత్రి చల్లదనానికి పలకలు వంగుతాయి కాబట్టి ఉదయం కొలతకూ మధ్యాహ్నం కొలతకూ తేడా వస్తుంది. కొలిచిన సమయం రాసుకోవాలి.

ఫోనుతో కొలవవచ్చా?

ఎక్కడ బాగా పాడైందో వెతకడానికి పనికొస్తుంది. వాహనం, వేగం, ఫోను పెట్టిన చోటు మారితే అంకె మారుతుంది కాబట్టి, ఏటా వచ్చే చిన్న పెరుగుదలను పట్టడానికి చాలదు.

ఎత్తుపల్లాలను లేజర్‌తో కొలిచే వాహనానికి డబ్బు లేదు. కాలేజీలోనో, మండల స్థాయిలోనో మొదలుపెట్టే మార్గం ఉందా?

ఉంది, దాని పేరు మెర్లిన్. బ్రిటన్‌లోని రవాణా పరిశోధనా ప్రయోగశాల పేద దేశాల కోసం రూపొందించిన పరికరం ఇది. ముందు సైకిలు చక్రం, వెనుక ఒక కాలు, రెండింటికీ మధ్య దూరం 1.8 మీటర్లు. సరిగ్గా నడుమ రోడ్డును తాకే ఒక కడ్డీ. ఆ కడ్డీ పైకీ కిందికీ కదిలినదాన్ని ఒక ములుకు పదింతలు చేసి, కాగితం పట్టీ మీద చూపుతుంది. చక్రం ఒక చుట్టు తిరిగినప్పుడల్లా ఆగి, ములుకు చూపిన చోట పెన్సిల్‌తో ఒక ఇంటూ గుర్తు పెట్టాలి. అలా 200 గుర్తులు, అంటే సుమారు 400 మీటర్లు. తర్వాత రెండు కొసల నుంచీ పదేసి గుర్తులు వదిలేసి, మిగిలిన వాటి వెడల్పును మిల్లీమీటర్లలో కొలవాలి. దాన్ని 0.0471తో గుణించి 0.593 కలిపితే ఐఆర్ఐ. వెడల్పు 60 వస్తే ఐఆర్ఐ 3.4.

స్థానిక వెల్డింగ్ షాపులో చేయించుకోవచ్చు. ఐఆర్ఐ సుమారు 2.4 కన్నా తక్కువ ఉండే కొత్త జాతీయ రహదారులకు ఈ సూత్రం వర్తించదు, మండల, జిల్లా రోడ్లకు బాగా సరిపోతుంది. మొదటి కొలత వానాకాలానికి ముందు చేయండి, మొదలైన చోటును కిలోమీటరు రాయి నుంచి టేపుతో కొలిచి రాసుకోండి. వచ్చే ఏడు అదే నెలలో, అదే చక్రపు దారిలో మళ్లీ కొలవండి. మధ్యలో ఎవరు ఎక్కడ ప్యాచ్ వేసినా, ఆ తేదీ అదే కాగితం మీద ఉండాలి.